మంచు తుఫానుల్లో బిడార్లు: లేహ్–యార్కండ్ వర్తక మార్గం

నిర్వచనం, పరిధి

సరుకు మోసే జంతువులతో గుంపుగా సాగే వర్తకుల బృందాన్ని బిడారు అంటారు. ప్రాచీన భారతీయ గ్రంథాల్లోని సార్థం ఇదే. దాని నాయకుడు సార్థవాహుడు. మైదానాల్లో బిడారు కట్టడానికి ముఖ్య కారణం దొంగల భయం. కొండల్లో ఆ భయానికి వాతావరణం తోడవుతుంది. ఒంటరి మనిషి లోతు మంచులో దారి తొక్కలేడు. కూలబడిన గుర్రం మీది మూటను మరో గుర్రానికి మార్చలేడు, నది దాటుతూ జారిపడితే లేపేవారు ఉండరు. అందుకే ఎత్తయిన కనుమల మీదుగా సాగిన వర్తకమంతా గుంపులుగానే నడిచింది.

పర్వత బిడారు మార్గాల్లో అతి ఎత్తయిన వాటిలో ఒకటి లదాఖ్‌లోని లేహ్ నుంచి నేటి చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతపు యార్కండ్‌కు వెళ్లే దారి. దీని పొడవు దాదాపు 800 కిలోమీటర్లు. అంతా సవ్యంగా ఉంటే నెల రోజుల నుంచి నలభై రోజుల ప్రయాణం. కొన్ని వందల ఏళ్లు నడిచి, 1940ల చివర ఆగిపోయింది. ఈ వ్యాసం ప్రధానంగా ఈ మార్గాన్ని వివరిస్తుంది.

చరిత్ర

మధ్య ఆసియా కనుమల కష్టాన్ని మొదట రాసిపెట్టింది చైనా వారు. హాన్ వంశపు చరిత్ర గ్రంథంలోనే ‘పెద్ద తలనొప్పి కొండ’, ‘చిన్న తలనొప్పి కొండ’ అనే పేర్లు కనిపిస్తాయి. క్రీ.శ. 400 ప్రాంతంలో భారతదేశానికి వచ్చిన ఫాహియాన్, మంచు కొండల్లో చలిగాలి కమ్ముకొచ్చినప్పుడు తన తోటి భిక్షువు ఒకరు కళ్లముందే ప్రాణం విడిచిన సంగతి రాశాడు. రెండు శతాబ్దాల తర్వాత, 630 ప్రాంతంలో, హ్యూన్‌త్సాంగ్‌కు తియాన్‌షాన్ పర్వతాల్లోని మంచు కనుమను దాటడానికి ఏడు రోజులు పట్టింది. పొడి నేల లేక మంచు మీదే పడుకుని, వేలాడదీసిన కుండల్లో వండుకున్నారు. పదిమందిలో ముగ్గురు నలుగురు చలికి, ఆకలికి చనిపోయారనీ, ఎడ్లు, గుర్రాలు అంతకంటే ఎక్కువగా పోయాయనీ ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఆ కొండ దాటి వచ్చిన మనిషే దాదాపు పదేళ్ల తర్వాత వేంగిని, ధాన్యకటకాన్ని చూసి, ఆంధ్రదేశపు బౌద్ధారామాల గురించి రాశాడు.

లేహ్–యార్కండ్ దారికి సంబంధించి తొలి వివరమైన కథనాల్లో ఒకటి మీర్జా హైదర్ దుగ్లత్‌ది. ఆయన 1530లలో యార్కండ్ పాలకుడు సుల్తాన్ సయీద్ ఖాన్ పక్షాన లదాఖ్ మీదికి దండెత్తి వచ్చాడు. 1533లో తిరుగు ప్రయాణంలో సుల్తాన్ ఎత్తు జబ్బుతో ఈ దారిలో మరణించాడు. కరకోరం కనుమకు దక్షిణాన ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీ అన్న విడిదికి ఆ మరణం వల్లే ఆ పేరు వచ్చిందని చెబుతారు. మీర్జా హైదర్ రాసిన తారీఖ్-ఎ-రషీదీలో ఎత్తు జబ్బు లక్షణాల వర్ణన నేటి వైద్యులు చదివినా గుర్తుపట్టేంత స్పష్టంగా ఉంది.

19వ శతాబ్దంలో బ్రిటిష్, రష్యన్ సామ్రాజ్యాల పోటీ ఈ దారిని రాజకీయ పటం మీదికి తెచ్చింది. 1812లో మీర్ ఇజ్జతుల్లా యార్కండ్ దాకా వెళ్లి దారి వివరాలు నమోదు చేశాడు. ఆయనను పంపిన విలియం మూర్‌క్రాఫ్ట్ 1820లో లేహ్ చేరి రెండేళ్లు వేచి ఉన్నా యార్కండ్‌కు అనుమతి దొరకలేదు. 1868లో రాబర్ట్ షా అనే తేయాకు తోటల యజమాని యార్కండ్ వెళ్లగలిగాడు. 1873లో డగ్లస్ ఫోర్సిత్ నాయకత్వంలో యార్కండ్ వెళ్లిన రెండో బ్రిటిష్ రాయబారంలో సుమారు 350 మంది మనుషులు, 550 బరువు జంతువులు ఉన్నాయి. అంత పెద్ద గుంపుకు మేత సమకూర్చడం ఆ దారి పల్లెలకు ఎంత భారమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ రాయబారంతో వెళ్లిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ స్టొలిచ్కా 1874 జూన్‌లో తిరిగి వస్తూ ముర్గో అనే విడిదిలో మరణించాడు. దక్షిణ భారతంలోని క్రెటేషియస్ యుగపు శిలాజాలను వర్గీకరించిన వాడాయన. సమాధి లేహ్‌లో ఉంది. 1888లో ఆండ్రూ డాల్‌గ్లీష్ అనే వర్తకుడు కరకోరం కనుమ దగ్గర హత్యకు గురయ్యాడు. హంతకుణ్ణి వెతుకుతూ వెళ్లిన హామిల్టన్ బోవర్‌కు 1890లో కుచా పట్టణంలో భూర్జపత్రాల మీద రాసిన ప్రాచీన సంస్కృత గ్రంథం ఒకటి దొరికింది. బోవర్ ప్రతిగా పేరుపొందిన ఆ గ్రంథంలో ఎక్కువ భాగం ఆయుర్వేదమే.

దారి: ఐదు కనుమలు

లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి ఖర్దుంగ్ కనుమ (సుమారు 5,350 మీటర్లు) దాటి నుబ్రా లోయలోకి దిగాలి. నుబ్రాలోని పనామిక్ దగ్గర వేడినీటి ఊటలు ఉన్నాయి. ఉత్తరానికి వెళ్లే బిడారుకు పచ్చిక, బార్లీ, కిరాయి జంతువులు దొరికే చివరి చోటు ఇదే కాబట్టి గుర్రాలకు ఇక్కడ కొద్ది రోజులు విశ్రాంతి ఇచ్చి బాగా మేపేవారు. తర్వాత హిమానీనదం మీదుగా సాగే సాసెర్ కనుమ (సుమారు 5,400 మీటర్లు). అది దిగితే సాసెర్ బ్రాంగ్సా దగ్గర ష్యోక్ నది. ఆపైన ముర్గో, బుర్ట్సా, 5,000 మీటర్లకు పైన గాలి తప్ప మరేమీ లేని దెప్సాంగ్ మైదానం, దౌలత్ బేగ్ ఓల్డీ, చివరికి 5,540 మీటర్ల కరకోరం కనుమ. అవతలి వైపు సుగెత్ కనుమ, షాహిదుల్లా విడిది, సంజు లేదా కిలియాన్ కనుమ దాటాక యార్కండ్ ఒయాసిస్సు పొలాలు కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎత్తయిన కరకోరం కనుమే అన్నిటికంటే సులువైనది. దాని మీద హిమానీనదం లేదు, ఎక్కుడు నిటారుగా ఉండదు, పడిన మంచును గాలి ఊడ్చేస్తుంది. బిడారు మనుషులు భయపడింది సాసెర్‌కు. పగుళ్లు విచ్చిన మంచు, జారుడు వాలు, కొత్త మంచు కింద దాగిన గోతులు అక్కడ ఉండేవి.

చలికాలంలో దారి కొంత మారేది. వేసవిలో కరుగునీటితో పోటెత్తే ష్యోక్ నది, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గడ్డకట్టి బాటగా మారుతుంది. అప్పుడు సాసెర్‌ను తప్పించి నది లోయ వెంటే, మంచు పలకను పదే పదే దాటుతూ వెళ్లేవారు. జారే చోట ఇసుక చల్లేవారు. నిటారు మంచు మీద గొడ్డళ్లతో మెట్లు కొట్టేవారు.

ష్యోక్ మరో ప్రమాదాన్ని కూడా దాచుకుంది. ఎగువన చోంగ్ కుమ్‌దాన్ హిమానీనదం ముందుకు జరిగి నదికి అడ్డుకట్ట వేసినప్పుడు వెనక సరస్సు ఏర్పడేది. ఆ కట్ట 1926లో, 1929లో, 1932లో తెగి దిగువకు వరద తెచ్చింది. (చూ. హిమానీనదం)

వాతావరణం: తుఫాను ఎలా చంపుతుంది

లదాఖ్ వర్షచ్ఛాయా ప్రాంతం. లేహ్‌లో ఏడాదికి కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లే. చలికాలపు మంచును ఎక్కువగా మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ కల్లోలాలు మోసుకొస్తాయి. వేసవిలో రుతుపవనాలను హిమాలయం చాలావరకు ఆపేసినా, అప్పుడప్పుడు మేఘాలు దాటివచ్చి కనుమల మీద మంచుగా, లోయల్లో కుండపోతగా కురుస్తాయి. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి వేళ లేహ్‌ను ముంచెత్తిన వరద అలాంటి వాన ఫలితమే.

ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి ఇంకా చాలా ఎక్కువ. దెప్సాంగ్ లాంటి బయలులో తుఫానుకు ఆకాశం నుంచి మంచు పడనక్కర్లేదు. నేల మీది పొడి మంచునే గాలి లేపి దిక్కులు కప్పేస్తుంది. ముందు గుర్రం తోక వెనక మనిషికి కనిపించదు. దారికి గుర్తులుగా పేర్చిన రాళ్ల కుప్పలు, దారి పొడవునా పడి ఉన్న జంతువుల ఎముకలు తప్ప ఆనవాలు ఉండవు. ఆ ఎముకల బాట గురించి రాయని యాత్రికుడు అరుదు.

అయితే ఈ మార్గంలో తుఫాను చేసిన నష్టమంతా ఒక్కసారిగా విరుచుకుపడి చేసింది కాదు. ఎక్కువసార్లు అది బిడారును ఆపి చంపింది. సాసెర్ దాటాక షాహిదుల్లా దగ్గర పడేదాకా చెప్పుకోదగ్గ పచ్చిక లేదు. కాబట్టి గుర్రాల మేతను కూడా గుర్రాలే మోయాలి. మేత ఎక్కువ కడితే సరుకు తగ్గుతుంది, సరుకు తగ్గితే లాభం తగ్గుతుంది. అందుకని వర్తకులు లెక్కగా, తక్కువ మిగులుతో మేత కట్టేవారు. మూడు నాలుగు రోజులు తుఫాను కదలనివ్వకపోతే ఆ లెక్క తప్పుతుంది. తుఫాను తగ్గాక, తిండి లేని గుర్రం ఎండ కాస్తుండగానే తర్వాతి కనుమ మీద కూలిపోతుంది. దాని మూటలు దారి పక్కన పేర్చి వెళ్లేవారు. నెలల తర్వాత మరో బిడారుతో మనిషిని పంపితే సరుకు అలాగే ఉండేది. ఇతరుల సరుకు ముట్టుకోకపోవడం ఈ దారిలో కట్టుబాటు.

నదులకు వేరే లెక్క. మధ్యాహ్నం ఎండకు హిమానీనదాలు కరిగి సాయంత్రానికి నీరు పెరుగుతుంది. అందుకే రేవులను తెల్లవారుజామున, నీరు తక్కువగా ఉన్నప్పుడు దాటేవారు. కనుమల మీద కూడా ఇదే పద్ధతి. రాత్రి చలికి గట్టిపడిన మంచు మీద జంతువు కాలు దిగబడదు. కనుక చీకటి ఉండగానే ఎక్కడం మొదలుపెట్టి, మధ్యాహ్నపు గాలి లేవకముందే అవతలికి దిగాలి.

ఎత్తు జబ్బు

5,500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సగమే. శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదటి లక్షణాలు. ముదిరితే ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరి ప్రాణం పోతుంది. మీర్జా హైదర్ దీన్ని ‘దమ్‌గిరీ’ అన్నాడు. ఇది గుర్రాలకూ వస్తుందని ఆయన గమనించాడు.

పూర్వం దీనికి విషపు గాలులు, కొన్ని మొక్కల వాసన కారణమనుకునేవారు. కొన్ని బిడార్లలో రొప్పే గుర్రానికి ముక్కు దగ్గర పొడిచి రక్తం తీసేవారు. దానివల్ల ప్రయోజనం ఉన్నట్టు ఆధారం లేదు. నిజంగా పనిచేసిన మందు ఒక్కటే, కిందికి దిగడం. తుఫానులో చిక్కుకున్న బిడారుకు ఆ అవకాశమే ఉండదు. (చూ. పర్వతారోహణ, శ్వాసక్రియ)

బరువు జంతువులు

పొట్టి గుర్రం ఈ దారికి ప్రధాన వాహనం. చురుకైనది, 80 నుంచి 100 కిలోల దాకా మోస్తుంది, కానీ గింజలు పెట్టకపోతే త్వరగా చిక్కిపోతుంది. జడల బర్రెకు గింజలు అక్కర్లేదు, మంచు కింద ఎండుగడ్డిని వెతుక్కుంటుంది, లోతు మంచును ఛాతీతో చీల్చుకుంటూ దారి చేస్తుంది. నడక మాత్రం నిదానం. అందుకే ఖర్దుంగ్, సాసెర్ లాంటి మంచు కనుమల మీద మాత్రం గ్రామస్థుల నుంచి జడల బర్రెలను కిరాయికి తీసుకుని, గుర్రాలను ఖాళీగా నడిపించేవారు. జడల బర్రెకు, ఆవుకు పుట్టే ‘జో’ తక్కువ ఎత్తుల్లో ఉపయోగపడేది.

రెండు మూపురాల ఒంటె చలికి ఓర్చుకుంటుంది, రోజుల తరబడి తక్కువ మేతతో నడుస్తుంది, గుర్రానికి దాదాపు రెండింతల బరువు మోస్తుంది. దాని మెత్తటి అరికాళ్లే దాని బలహీనత. నున్నటి మంచు మీద జారుతుంది, పదును రాళ్ల మీద చిరుగుతుంది. చిరిగిన అరికాలికి తోలు ముక్క వేసి కుట్టడం మధ్య ఆసియా బిడారు మనుషులకు తెలిసిన పని. చాంగ్‌తాంగ్ పీఠభూమిలో ఉప్పు, పష్మినా ఉన్ని రవాణాకు గొర్రెలనూ మేకలనూ వాడేవారు. ఒక్కొక్కటి పది పన్నెండు కిలోలు చిన్న జోడు సంచుల్లో మోస్తూ, మేస్తూనే నడిచేది.

మనుషులు: బాషీ, కిరాయాకష్

పెద్ద బిడారు నాయకుణ్ణి కారవాన్ బాషీ అనేవారు. బయలుదేరే వేళ, ఆగే చోటు, తుఫాను మబ్బు చూసి వెనక్కి తిరగడమా సాగడమా అన్న నిర్ణయం ఆయనదే. వర్తకుల సరుకును తమ సొంత గుర్రాల మీద కిరాయికి మోసేవారు కిరాయాకష్‌లు. వీరిలో యార్కండీలు, కశ్మీరీలు, లదాఖీలు, అర్ఘోన్‌లు ఉండేవారు. అర్ఘోన్‌లు అంటే లేహ్‌లో స్థిరపడిన ముస్లిం వర్తకులకు, లదాఖీ స్త్రీలకు పుట్టిన సంతతి. రెండు వైపుల భాషలూ తెలిసినందున దుబాసీలుగా, దళారులుగా కూడా పనిచేశారు. వర్తకుడికి పోయేది సరుకు. కిరాయాకష్‌కు గుర్రం పోతే బతుకుతెరువే పోయేది. అయినా చరిత్ర పుస్తకాలకెక్కినవి ఎక్కువగా యాత్రికుల పేర్లే.

దీనికి గొప్ప మినహాయింపు గులాం రసూల్ గల్వాన్. లేహ్‌లో నిరుపేద ఇంట పుట్టి, పిల్లవాడిగా ఉన్నప్పుడే కూలీగా బిడార్లలో చేరాడు. తర్వాత కారవాన్ బాషీ అయ్యాడు, చివరకు లేహ్‌లో బ్రిటిష్ జాయింట్ కమిషనర్‌కు ముఖ్య సహాయకుడిగా ‘అక్సకల్’ పదవి చేపట్టాడు. ఆయన ఆత్మకథ ‘సర్వెంట్ ఆఫ్ సాహిబ్స్’ 1923లో వెలువడింది. 1892లో డన్‌మోర్ ప్రభువు బృందం కొండల మధ్య దారి మూసుకుపోయి చిక్కుకున్నప్పుడు, కుర్రవాడైన రసూల్ ఒక నది ఇరుకు లోయ గుండా దారి కనిపెట్టాడనీ, ఆ నదికి అందుకే అతని పేరు పెట్టారనీ ప్రసిద్ధి. ఆ నదే గల్వాన్. 2020 జూన్ 15న చైనా సైన్యంతో ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ప్రాణాలర్పించింది ఆ లోయలోనే.

తుఫానులో విడిది

గాలి లేవగానే బాషీ వెతికేది బండరాయి చాటు లేదా నది ఒడ్డు గట్టు. మూటలు దించి గాలి వచ్చే వైపు అర్ధచంద్రాకారంలో గోడలా పేర్చేవారు. గుర్రాల జీనులు తీసేవారు కారు, చెమట పట్టిన వీపుకు చలిగాలి తగిలితే జంతువు దక్కదు. వాటి మీద కంబళ్లు కప్పి, గాలికి వీపు పెట్టి ఒకదాని పక్కన ఒకటి కట్టేసి, మూతికి బార్లీ సంచి తగిలించేవారు. మనుషులు నమ్దాలు, అంటే ఒత్తిన ఉన్ని పరుపులు, పరుచుకుని మూటల గోడ చాటున ఒకరికొకరు ఆనుకుని కూర్చునేవారు.

పొయ్యికి కట్టె దొరకదు. ఎండు పేడ, బుర్ట్సె అనే పొద వేళ్లు ఇంధనం. ఆ ఎత్తులో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి పప్పు, మాంసం సరిగా ఉడకవు. అందుకే వేయించిన బార్లీ పిండి, వెన్న, ఉప్పు వేసిన టీ ఆ దారి తిండి అయ్యాయి. టీలో పిండి కలిపి ముద్ద చేసుకుంటే వండాల్సిన పనే లేదు. తుఫాను వెలిసి ఎండ కాస్తే మంచు తళుకుకు కళ్లు పోయే ప్రమాదం. జంతువుల వెంట్రుకలతో అల్లిన జల్లెడలాంటి పట్టీని కళ్లకు కట్టుకునేవారు.

సరుకులు, వర్తక వ్యవస్థ

యార్కండ్ నుంచి పట్టు, తివాచీలు, నమ్దాలు, పొడి బంగారం, వెండి, చరస్ (గంజాయి బంక) వచ్చేవి. భారత్ నుంచి నూలు బట్టలు, నీలిమందు, మసాలా దినుసులు, పగడాలు వెళ్లేవి. వర్తకుల్లో పంజాబ్‌లోని హోషియార్‌పూర్ వారిది పెద్ద చేయి. చరస్ అప్పట్లో లైసెన్సుతో నడిచిన చట్టబద్ధమైన సరుకు. 1930లలో ఆ ఎగుమతి నిలిచిపోవడం ఈ మార్గానికి పెద్ద దెబ్బ. సరుకుతో పాటు మనుషులూ కదిలారు. యార్కండ్ ముస్లింలు హజ్ యాత్రకు పిల్లాపాపలతో ఇదే దారిన లేహ్ చేరి, బొంబాయి వెళ్లి ఓడ ఎక్కేవారు.

1870లో కశ్మీర్ మహారాజు రణబీర్ సింగ్‌కు, బ్రిటిష్ ప్రభుత్వానికి కుదిరిన ఒప్పందం ప్రకారం లేహ్‌లో ఇద్దరు జాయింట్ కమిషనర్లు నియమితులయ్యారు. దారి సుంకాల రద్దు, సరాయిలు, మేత గింజల నిల్వలు ఆ ఒప్పందం ఫలితాలు. ఆకలే అసలు శత్రువైన దారిలో ఒక్క గింజల కొట్టు ఎంతో పనిచేసేది.

ఇతర పర్వత బిడార్లు

నేపాల్‌లోని డోల్పో ప్రాంతంలో జడల బర్రెల మీద టిబెట్ ఉప్పు తెచ్చి, దిగువ లోయల ధాన్యంతో మార్చుకునేవారు; 1999లో ఎరిక్ వల్లి తీసిన ‘హిమాలయ’ చిత్రానికి వస్తువు ఇదే. కాలింపాంగ్–ల్హాసా మధ్య కంచర గాడిదల బిడార్లు జెలెప్, నాథూ కనుమల మీదుగా నడిచాయి. 1962 యుద్ధంతో మూతపడిన నాథూ కనుమను 2006లో తిరిగి తెరిచారు. చైనాలోని యున్నాన్ నుంచి టిబెట్‌కు తేయాకు–గుర్రాల బాట ఉండేది. ఆండీస్‌లో ఈ పనిని లామా అనే జంతువులు చేశాయి. ఆల్ప్స్‌లోని గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ మీద 11వ శతాబ్దంలో వెలసిన మఠసత్రం, మంచులో చిక్కుకున్న బాటసారులను వెతికి తెచ్చేది. దక్కన్‌లో ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన లంబాడీల బిడార్లు మైదాన శాఖకు చెందినవి. (చూ. బంజారాలు)

మార్గం అంతం, నేటి స్థితి

1947 తర్వాత కశ్మీర్‌లో యుద్ధం, 1949లో షిన్‌జియాంగ్ కమ్యూనిస్టు చైనా ఏలుబడిలోకి రావడం వరుసగా జరిగాయి. వర్తకం ఆగింది. కరకోరం కనుమ నేటికీ మూసే ఉంది. బిడార్లు రోజుల తరబడి పోరాడిన ఖర్దుంగ్ మీదుగా ఇప్పుడు మోటారు రోడ్డు సాగుతోంది. దౌలత్ బేగ్ ఓల్డీలో సైనిక విమానాలు దిగే మైదానం ఉంది; 2013 ఆగస్టులో భారత వాయుసేన అక్కడ భారీ రవాణా విమానాన్ని దించింది. దర్బుక్ నుంచి ష్యోక్ లోయ గుండా అక్కడికి సుమారు 255 కిలోమీటర్ల రోడ్డు పడింది. సరిహద్దు మూతపడినప్పుడు నుబ్రాలో మిగిలిపోయిన ఒంటెల సంతతి హుందర్ ఇసుక తిన్నెల మీద పర్యాటకులను మోస్తోంది.

వర్తకుల, బాషీల జ్ఞాపకాలను జానెట్ రిజ్వీ లదాఖ్‌లో సేకరించి, 1999లో ‘ట్రాన్స్-హిమాలయన్ కారవాన్స్’ పుస్తకంగా తెచ్చారు. కిరాయాకష్‌ల కుటుంబాల్లో చెప్పుకునే కథలు ఇంకా సేకరించవలసినవి ఉన్నాయి, చెప్పేవారు ఏటేటా తగ్గిపోతున్నారు. కార్గిల్‌లో మున్షీ అజీజ్ భట్ అనే వర్తకుడు 1920లో కట్టించిన సరాయిలో నాటి సరుకులు బయటపడ్డాయి. వాటితో ఆయన వారసులు ఏర్పాటు చేసిన మ్యూజియంలో గుర్రపు సామాను, యార్కండ్ తివాచీలు, వర్తక పత్రాలు ఉన్నాయి. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే యాత్రికులు దారిలోనే ఉన్న కార్గిల్‌లో ఆగి వాటిని చూడవచ్చు.